ఆర్కెస్ట్రా లైబ్రరీ ఏది కొనాలి, హాల్లో వాయించినట్టు ఎలా వినిపించాలి?

"ఏ లైబ్రరీ కొనమంటారు?" అన్న ప్రశ్నకి తోకలా ఇంకోటి వస్తుంది: "కొన్నాక కూడా నా స్ట్రింగ్స్ కీబోర్డు మీద నొక్కినట్టే ఉన్నాయి, ఏ రివర్బ్ వేయాలి?" రెండింటికీ జవాబు ఒకచోటే ఉంది. ఆర్కెస్ట్రా లైబ్రరీ అంటే అసలు వాయిద్యాల స్వరాల్ని ఒక్కొక్కటిగా రికార్డు చేసి (వీటినే శాంపిల్స్ అంటారు), కంప్యూటర్లో వాయించుకోవడానికి అమ్మే సాఫ్ట్‌వేర్. అది కొన్నప్పుడు వాయిద్యంతో పాటు దాన్ని రికార్డు చేసిన గదిని కూడా కొంటున్నారు. వయొలిన్లు ఒక హాల్లో, బ్రాస్ (ట్రంపెట్ లాంటి ఇత్తడి బూరలు) ఇంకో హాల్లో, ఫ్లూట్ ఏ గదీ లేకుండా ఉంటే, పైన ఎంత ఖరీదైన రివర్బ్ (ప్రతిధ్వని కలిపే ఎఫెక్టు) పోసినా అవి మూడు ముక్కలుగానే వినిపిస్తాయి. అందుకే ఇక్కడ ముందు గది సంగతి చూద్దాం, వాయిద్యం సంగతి తర్వాత.

కావలసినవి

- కనీసం 16 జీబీ ర్యామ్. పూర్తి ఆర్కెస్ట్రా ఒకేసారి తెరవాలంటే 32 జీబీ ఉంటే నిశ్చింత.
- లైబ్రరీ పెట్టుకోవడానికి ఎస్ఎస్‌డీ. పాత తిరిగే హార్డ్ డిస్కు మీద పెడితే నోట్లు మధ్యలో రాలిపోతాయి, తప్పు లైబ్రరీ మీదకి తోస్తారు.
- మాడ్యులేషన్ వీల్ ఉన్న మిడి కీబోర్డు (కంప్యూటర్‌కి తగిలించి నోట్లు వాయించేది). రెండు చిన్న ఫేడర్లు కూడా ఉంటే ఇంకా మంచిది: ఒకటి సీసీ1కి, ఒకటి సీసీ11కి. నోటు మోగుతుండగా దాన్ని మార్చే మిడి సంకేతాలివి, వాటి పని 5వ భాగంలో ఉంది.
- ఒక మంచి రివర్బ్ చాలు. డబ్బు పెట్టే ముందు డ్రాగన్‌ఫ్లై రివర్బ్ ఉచితంగా దించుకుని చూడండి, అందులో హాల్‌కి, ఎర్లీ రిఫ్లెక్షన్స్‌కి (గోడలకి తగిలి ముందుగా వచ్చే ప్రతిధ్వనులకి) విడివిడి ప్లగిన్‌లు ఉన్నాయి. రీపర్ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లకి రియావెర్బ్ (ReaVerb) అనే కన్వల్యూషన్ రివర్బ్ (అసలు గదుల ప్రతిధ్వని రికార్డింగ్‌ని వాడేది) దానితోనే వస్తుంది.
- హెడ్‌ఫోన్స్, స్పీకర్లు రెండూ.
- అసలైన ఆర్కెస్ట్రా రికార్డింగ్ ఒకటి, ప్రాజెక్టులోనే ఒక ట్రాక్ మీద. అది లేకుండా ఈ పని మొదలుపెట్టకండి. గంట సేపు మిక్స్ చేశాక చెవి దేనికైనా అలవాటు పడిపోతుంది.

1. ఎంతమంది వాయిస్తున్నారో ముందు తేల్చుకోండి

పెద్ద సింఫనీ స్ట్రింగ్స్ అంటే 16 మంది మొదటి వయొలిన్లు, 14 మంది రెండో వయొలిన్లు, 12 వయోలాలు, 10 చెల్లోలు, 8 డబుల్ బేస్‌లు. మొత్తం 60 మంది. స్పిట్‌ఫైర్ సింఫానిక్ స్ట్రింగ్స్ లెక్క ఇదే. అదే కంపెనీ చాంబర్ స్ట్రింగ్స్‌లో 4, 3, 3, 3, 3 చొప్పున 16 మందే. ఒక ప్రేమ పాట వెనక చిన్నగా కదిలే స్ట్రింగ్స్ కావాలంటే 60 మంది దండగ, మాటల మీద దుప్పటి కప్పినట్టు ఉంటుంది.

ఇక్కడ జరిగే పెద్ద పొరపాటు: 16 మంది వయొలిన్ల ప్యాచ్ (లైబ్రరీలో ఒక వాయిద్యాన్ని తెరిచే ఫైలు) మీద నాలుగు వేళ్లతో కార్డ్ (నాలుగు స్వరాలు ఒకేసారి) పట్టడం. అప్పుడు వాయించేది 64 వయొలిన్లు. ఏ హాలూ పట్టదు. కార్డ్‌ని విడదీసి ఒక్కో సెక్షన్‌కి ఒక్కో నోటు ఇవ్వండి: పైది మొదటి వయొలిన్‌కి, తర్వాతది రెండో వయొలిన్‌కి, ఆ కింద వయోలాకి, చెల్లోకి. తీరిక లేకపోతే అన్ని సెక్షన్లూ కలిపి ఉన్న ఎన్‌సెంబుల్ ప్యాచ్ వాడుకోండి, కానీ నోట్లు దూరదూరంగా పరచండి.

2. డ్రై కావాలా, వెట్ కావాలా?

హాల్ ప్రతిధ్వనితో సహా రికార్డు చేసినవి వెట్ లైబ్రరీలు. స్పిట్‌ఫైర్ సింఫనీ సిరీస్‌ని లండన్‌లో ఎయిర్ స్టూడియోస్ వారి లిండ్‌హర్స్ట్ హాల్లో చేశారు. అది ఒకప్పటి చర్చి, తోక (శబ్దం ఆగాక మిగిలే ప్రతిధ్వని) పొడుగు. బీబీసీ సింఫనీ ఆర్కెస్ట్రా లైబ్రరీని మైడా వేల్ స్టూడియోలో చేశారు, ఇది దానికంటే ఒద్దికైన గది. ఆర్కెస్ట్రల్ టూల్స్ బెర్లిన్ సిరీస్ టెల్డెక్స్ స్టూడియోది. సినిమాటిక్ స్టూడియో స్ట్రింగ్స్ సిడ్నీలో ట్రాక్‌డౌన్ స్కోరింగ్ స్టేజిది, మిగతావాటితో పోలిస్తే పొట్టి తోక.

గది దాదాపు లేకుండా చేసినవి డ్రై లైబ్రరీలు. వియన్నా సింఫానిక్ లైబ్రరీ మొదట్లో సైలెంట్ స్టేజ్ అని శాంపిల్స్ కోసమే కట్టుకున్న గదిలో రికార్డు చేసింది. తర్వాతి సింక్రాన్ సిరీస్ మాత్రం పెద్ద హాల్లో చేసిందే. పేరు ఒక్కటే చూసి కొంటే మోసపోతారు, ఏ సిరీసో చూడండి.

మొదటి లైబ్రరీ అయితే వెట్ తీసుకోండి. ఎవరు ఎక్కడ కూర్చున్నారో, ఎంత దూరమో అన్నీ అందులోనే ఉంటాయి, సగం పని తప్పుతుంది. డ్రై లైబ్రరీకి స్వేచ్ఛ ఎక్కువ, చాకిరీ కూడా అంతే ఎక్కువ. గుర్తుంచుకోవాల్సింది ఒకటే. గదిని తర్వాత కలపొచ్చు, ఉన్న గదిని తీయలేం. కూరలో ఉప్పు లాంటిది.

మనవాళ్లకి ఇంకో సంగతి. గమకాలు కావాలనుకుని వెట్ వయొలిన్ మీద పిచ్ బెండ్ (స్వరాన్ని పైకీ కిందికీ జార్చే చక్రం) తిప్పుతారు. శాంపిల్‌లో వాయిద్యం, హాల్ కలిసే ఉన్నాయి కదా, పిచ్ తిప్పితే ప్రతిధ్వని కూడా తిరుగుతుంది. అంటే వయొలిన్‌తో పాటు గోడలు కూడా గమకం వేస్తాయి. ఏదో తేడాగా ఉందని వినేవాళ్లకి తెలిసిపోతుంది, ఎందుకో చెప్పలేరు. రాగం ఆధారంగా సోలో లైన్ ఉంటే డ్రై సోలో వాయిద్యం గానీ, స్వామ్ వంటి మోడలింగ్ వాయిద్యం (రికార్డు చేసిన స్వరాలకి బదులు కంప్యూటరే లెక్కగట్టి పలికించేది) గానీ తీసుకుని గది తర్వాత కలపండి. ఇంకా మంచిది: ఆ ఒక్క లైన్‌కి మనిషిని పిలిచి వాయించుకోండి.

3. డబ్బు కట్టే ముందు

ముందు ఉచితంగా వచ్చేవాటితో రెండు మూడు వారాలు గడపండి. బీబీసీ సింఫనీ ఆర్కెస్ట్రా డిస్కవర్ దాదాపు 200 ఎంబీ, పూర్తి ఆర్కెస్ట్రా ఒకే గదిలో. నేర్చుకోవడానికి దీన్ని మించింది లేదు. ఆర్కెస్ట్రల్ టూల్స్ వారి లేయర్స్ కూడా ఉచితమే, టెల్డెక్స్ గది ఎలా ఉంటుందో దానితో తెలుస్తుంది. డ్రైగా ఉన్నవి కావాలంటే వీఎస్‌సీవో 2 కమ్యూనిటీ ఎడిషన్ చూడండి.

కొనేటప్పుడు చూసుకోవాల్సినవి:

- కంపెనీ వేసే సినిమా ట్రైలర్ లాంటి డెమో పక్కన పెట్టండి. ఒక్క ప్యాచ్‌ని ఎఫెక్టులు లేకుండా వాయించి చూపే వీడియో వెతకండి. నెమ్మది లెగాటో (స్వరాలు తెగకుండా కలిపి వాయించడం), మెత్తగా మొదలై పెరిగే ఒక పొడుగు నోటు, ఒక స్టకాటో (పొట్టిగా తెంపి వాయించే నోట్ల) వరుస, ఈ మూడూ వినండి. స్టకాటో తర్వాత తోక ఎంతసేపు ఉందో లెక్కపెట్టండి.
- మైక్ పొజిషన్లు ఎన్ని? క్లోజ్ (వాయిద్యం దగ్గర పెట్టిన మైకు), ట్రీ (కండక్టర్ దగ్గర ఎత్తులో కట్టిన మైకులు) రెండూ విడిగా ఉంటే చాలు. బీబీసీ లైబ్రరీ ప్రో దాదాపు 600 జీబీ, కోర్ అందులో చిన్న ముక్క, ముందే కలిపిన ఒక్క మిక్స్‌తో. ఇంటి ఇంటర్నెట్ ప్లాన్ చూసుకుని నిర్ణయించుకోండి.
- చాలా లైబ్రరీలు కాంటాక్ట్ అనే సాఫ్ట్‌వేర్‌లో తెరుచుకుంటాయి. దాని ఫుల్ వెర్షన్ కావాలా, ఉచిత ప్లేయర్ చాలా? ఫుల్ వెర్షన్ అడిగే లైబ్రరీని ఉచిత ప్లేయర్‌లో తెరిస్తే 15 నిమిషాల తర్వాత ఆగిపోతుంది. లైబ్రరీ పాడైందనుకుని సపోర్టుకి ఉత్తరాలు రాసేవాళ్లు ఎందరో.
- చాలా కంపెనీల లైసెన్సు ఇంకొకరికి అమ్ముకోనివ్వదు, డౌన్‌లోడ్ చేశాక డబ్బు వెనక్కి ఇవ్వదు. నవంబరు ఆఖర్లో బ్లాక్ ఫ్రైడేకి ధరలు బాగా పడతాయి, తొందర లేకపోతే ఆగండి. కార్డు మీద పడే ఫారెక్స్ చార్జీ కూడా లెక్కలో వేసుకోండి.

నాలుగు కంపెనీల నుంచి నాలుగు మంచి లైబ్రరీలు కొనడం కంటే, ఒకే గదిలో రికార్డు చేసిన స్ట్రింగ్స్, వుడ్‌విండ్స్ (ఫ్లూట్ లాంటి ఊదే వాయిద్యాలు), బ్రాస్ ఒక ఓ మోస్తరు సెట్టుగా కొనడం మేలు. బ్రాస్ కాస్త నాసిగా ఉన్నా ఒకే హాల్లో ఉంటే చెవి క్షమిస్తుంది.

4. మైకులు: ముందు ట్రీ ఒక్కటే

లైబ్రరీ తెరవగానే నాలుగైదు మైక్ ఫేడర్లు కనిపిస్తాయి. అన్నీ పైకి లేపకండి. ప్రతి మైకూ ర్యామ్‌ని, వాయిస్‌లని (ఒకేసారి మోగగల శాంపిల్స్ లెక్కని) విడిగా తింటుంది. మూడు మైకులంటే మూడింతల భారం.

కండక్టర్ తల వెనక, దాదాపు మూడు మీటర్ల ఎత్తులో, మూడు మైకులు టీ ఆకారంలో కట్టేదే డెక్కా ట్రీ. అదే అసలు చిత్రం. ట్రీ ఒక్కటే ఉంచి పాట మొత్తం వినండి. ఎక్కడ విల్లు గీత అందడం లేదో అక్కడ మాత్రం క్లోజ్‌ని ట్రీ కంటే 8 నుంచి 10 డీబీ తక్కువలో కలపండి. హాల్ ఇంకా పెద్దగా కావాలంటే యాంబియంట్ (దూరంగా పెట్టిన మైకు) కొంచెం. వేగంగా కదిలే స్పికాటోలకి (విల్లు ఎగిరించి వాయించే పొట్టి నోట్లకి) యాంబియంట్ తగ్గించండి, లేకపోతే నోట్లు ఒకదాని మీద ఒకటి పేరుకుంటాయి.

క్లోజ్ కలిపాక మాస్టర్‌ని (మొత్తం మిక్స్ వెళ్లే చివరి ఛానల్‌ని) మోనో చేసి, అంటే ఎడమ, కుడి ఒకటిగా కలిపి వినండి. వయొలిన్లు డబ్బాలోంచి వచ్చినట్టు బోలుగా అయితే రెండు మైకుల మధ్య టైము తేడా కొడుతోంది. చేత్తో జరిపి సరిచేయాలని చూడకండి, క్లోజ్‌ని ఇంకో 3 డీబీ దించండి చాలు.

5. రివర్బ్ ముట్టుకోకముందే వాయింపు సరిచేయండి

కీబోర్డు వాసన చాలావరకు గది లోపం కాదు, వాయింపు లోపం. పొడుగు నోటు మొత్తం సీసీ1 ఒకే విలువలో గీత గీసినట్టు ఉంటే ఏ హాల్లో పెట్టినా ఆర్గన్‌లాగే ఉంటుంది. రెండు బార్ల నోటు తీసుకోండి: 45 దగ్గర మొదలుపెట్టి, మధ్యలో 80కి తీసుకెళ్లి, నోటు వదిలే ముందు 50కి దించండి. సీసీ1 స్వరం రంగుని, బలాన్ని కలిపి మారుస్తుంది. సీసీ11 శబ్దం మోతాదుని మాత్రమే మారుస్తుంది, దాన్ని 100 దగ్గర ఉంచి చివర్లు మెత్తబరచడానికి వాడుకోండి. చాలా లైబ్రరీల్లో పొడుగు నోట్లకి వేలితో ఎంత గట్టిగా నొక్కారన్నది లెక్కలోకే రాదు.

రెండోది ఆలస్యం. లెగాటోలో ఒక నోటు నుంచి ఇంకోదానికి జారే శబ్దం ముందు వస్తుంది, అసలు నోటు తర్వాత. సినిమాటిక్ స్టూడియో స్ట్రింగ్స్‌లో ఈ జాప్యం నెమ్మది లెగాటోకి సుమారు 333, మధ్యరకానికి 250, వేగానికి 100 మిల్లీ సెకన్లు. గ్రిడ్ (తాళం గీతలు) మీద సరిగ్గా పెడితే స్ట్రింగ్స్ తబలా వెనక ఈడ్చుకుంటూ వస్తాయి. ఆ నోట్లని అంత ముందుకి జరపండి, లేదా ట్రాక్ డిలేలో మైనస్ విలువ పెట్టండి. లెగాటోని, స్టకాటోని వేర్వేరు ట్రాకుల మీద ఉంచితే ఈ పని సులువు, ఎందుకంటే స్టకాటో ఆలస్యం వేరు.

6. ఎవరు ఎక్కడ కూర్చుంటారు

వెట్ లైబ్రరీ అయితే పాన్ (శబ్దాన్ని ఎడమకో కుడికో జరిపేది) ముట్టుకోకండి. మొదటి వయొలిన్లు ఎడమవైపే రికార్డయి ఉన్నాయి. మీరు ఇంకా ఎడమకి తిప్పితే చాలా సాఫ్ట్‌వేర్లలో కుడి ఛానల్ తగ్గిపోతుంది. ఆ కుడి ఛానల్లోనే హాల్ అవతలి గోడ ఉంది.

డ్రై అయితే మీరే కూర్చోబెట్టాలి. మామూలు వరుస ఇది: మొదటి వయొలిన్లు బాగా ఎడమ, రెండో వయొలిన్లు కొంచెం ఎడమ, వయోలాలు కొంచెం కుడి, చెల్లోలు కుడి, బేస్‌లు వాటి వెనక ఇంకా కుడి. వుడ్‌విండ్స్ మధ్యలో, హార్న్‌లు ఎడమ వెనక, ట్రంపెట్లు, ట్రాంబోన్లు కుడి వెనక, టింపనీ అందరి వెనక. పూర్తి ఎడమ, పూర్తి కుడి ఎవరికీ ఇవ్వకండి. 70 శాతం దాటితే హెడ్‌ఫోన్స్‌లో చెవి పక్కనే కూర్చున్నట్టు ఉంటుంది.

7. డ్రై లైబ్రరీకి గది కట్టడం

రివర్బ్‌ని ట్రాక్ మీద నేరుగా వేయకండి. బస్ (అనేక ట్రాకులు కలిసే ఉమ్మడి ఛానల్) మీద 100 శాతం వెట్‌లో, అంటే ప్రతిధ్వని మాత్రమే వచ్చేలా పెట్టి, ఒక్కో ట్రాక్ నుంచి దానికి సెండ్ (కొంత శబ్దం) పంపండి. రెండు రకాల బస్‌లు కావాలి.

మొదటి రకం, ఎర్లీ రిఫ్లెక్షన్స్: దగ్గరి గోడల నుంచి వచ్చే మొదటి దెబ్బలు. దూరం తెలిసేది వీటితోనే. స్ట్రింగ్స్, వుడ్‌విండ్స్, బ్రాస్, పెర్కషన్‌కి ఒక్కోటి. రెండో రకం, అందరికీ కలిపి ఒకే హాల్ తోక. నిడివి 1.8 నుంచి 2.2 సెకన్లు. వియన్నా మ్యూజిక్‌వెరైన్ హాల్ నిండా జనం ఉన్నప్పుడు దాదాపు 2 సెకన్లే. 4 సెకన్లు పెట్టి గొప్పగా ఉందనుకునేవాళ్లు తాళం వేగం పెరిగినచోట చిక్కుకుంటారు.

ప్రీ డిలే (నేరు శబ్దం తర్వాత రివర్బ్ మొదలయ్యేదాకా ఉండే వ్యవధి) దగ్గర దాదాపు అందరూ తలకిందులుగా చేస్తారు. దూరంగా ఉన్న టింపనీకి ఎక్కువ, దగ్గరున్న వయొలిన్‌కి తక్కువ పెడతారు. లెక్క వేసి చూడండి. శబ్దం మీటరు దూరం వెళ్లడానికి సుమారు 2.9 మిల్లీ సెకన్లు పడుతుంది. వయొలిన్ మైకుకి 3 మీటర్ల దూరంలో ఉంది, పక్క గోడని తాకి వచ్చే దారి 14 మీటర్లనుకోండి. తేడా 11 మీటర్లు, అంటే 32 మిల్లీ సెకన్లు. టింపనీ 12 మీటర్ల దూరంలో, వెనక గోడ దానికి 3 మీటర్లలో ఉంది. గోడని తాకి వచ్చే దారి 18, తేడా 6 మీటర్లే, అంటే 17 మిల్లీ సెకన్లు. దూరంగా ఉన్నవాళ్ల నేరు శబ్దమూ, గోడ శబ్దమూ దాదాపు కలిసే వస్తాయి. కాబట్టి ఇలా మొదలుపెట్టండి:

- స్ట్రింగ్స్: ప్రీ డిలే 30 మిల్లీ సెకన్లు, తోక సెండ్ మైనస్ 18 డీబీ
- వుడ్‌విండ్స్: 24, మైనస్ 15
- బ్రాస్: 20, మైనస్ 13
- టింపనీ, పెర్కషన్: 16, మైనస్ 12

ఈ ప్రీ డిలే ఎర్లీ రిఫ్లెక్షన్స్ బస్‌లది. తోక బస్‌కి అందరికీ కలిపి 30 చాలు.

వెనక వరుసలకి 6 కిలోహెర్ట్జ్ పైన 2 డీబీ తగ్గిస్తే ఇంకాస్త వెనక్కి జరుగుతాయి. తోక బస్ మీద 150 హెర్ట్జ్ కింద కోసేయండి, 8 కిలోహెర్ట్జ్ పైన మెత్తబరచండి. రివర్బ్‌కి ముందు 600 హెర్ట్జ్ కింద, 10 కిలోహెర్ట్జ్ పైన కోసే అబ్బే రోడ్ చిట్కా గాత్రానికి బాగుంటుంది. ఆర్కెస్ట్రా మీద వాడితే చెల్లోలకి ఒళ్లు పోతుంది.

వెట్ లైబ్రరీకి ఈ ఏర్పాటంతా అక్కర్లేదు. తోక బస్ ఒక్కటే, సెండ్ మైనస్ 22 నుంచి 25 డీబీ. అది కూడా అవసరమనిపిస్తేనే.

8. రెండు గదుల్ని కలపాల్సి వస్తే

పొడుగు తోక ఉన్న లైబ్రరీని కొలతగా పెట్టుకోండి. దానికి ఏమీ వేయకండి. పొట్టి తోక ఉన్నదానికే రివర్బ్ పంపి దాని పక్కకి తీసుకురండి. పొడుగుది మరీ పొడుగైతే దానిలో ట్రీ తగ్గించి క్లోజ్ పెంచండి. రెండింటికీ సమానంగా రివర్బ్ పోస్తే తేడా అలాగే ఉండిపోతుంది, కాకపోతే ఇద్దరూ నూతిలోంచి పలుకుతారు.

9. ఇంట్లో రికార్డు చేసిన వేణువుని ముందు నిలబెట్టడం

స్ట్రింగ్స్ అన్నీ లండన్‌లో, వేణువు మాత్రం మీ పడగ్గదిలో. అతికించినట్టు ఉండటానికి కారణం చిన్న గది ప్రతిధ్వని. వేణువుతో పాటు ఆ నాలుగు గోడలు కూడా మైకులోకి ఎక్కాయి. ఆ తర్వాత హాల్ రివర్బ్ వేస్తే హాల్లో ఒక పెట్టె పెట్టి అందులో వాయించినట్టు ఉంటుంది.

రికార్డు చేసేటప్పుడే వాయించే మనిషి వెనక, పక్కల బొంతలు కట్టండి. మైకు 40 నుంచి 50 సెంటీమీటర్ల దూరంలో, ఊదే రంధ్రానికి ఎదురుగా కాకుండా కాస్త పైనుంచి. ఫ్యాన్, ఏసీ ఆపేయండి. మిక్స్‌లో 300 నుంచి 400 హెర్ట్జ్ మధ్య 2, 3 డీబీ తగ్గించి, స్ట్రింగ్స్ వాడే ఎర్లీ రిఫ్లెక్షన్స్ బస్‌కే దీన్నీ పంపండి. ఆర్కెస్ట్రా వెట్ లైబ్రరీ అయితే ఈ ఒక్క వేణువు కోసమే ఆ బస్ తెరవాలి. తోకకి మైనస్ 18 దగ్గర మొదలుపెట్టండి. సోలో కాబట్టి ఇది మిగతావాళ్ల కంటే కాస్త ముందు ఉన్నా తప్పులేదు.

ఇదే దారిలో ఇంకోటి: శాంపిల్ వయొలిన్ల మీద ఒక్క మనిషి వాయించిన అదే లైన్‌ని 10, 12 డీబీ తక్కువలో కలపండి. మొత్తం సెక్షన్‌కి ప్రాణం వస్తుంది.

కుదిరిందో లేదో చూసుకోవడం

ఆపి వినే పరీక్ష: టెంపో 60 పెట్టండి. అన్ని సెక్షన్లకీ గట్టిగా ఒక్క స్టకాటో కార్డ్, ఆ తర్వాత నాలుగు బీట్లు ఖాళీ. బీటుకి ఒక సెకను. ముందు అందరినీ కలిపి, తర్వాత ఒక్కో సెక్షన్‌ని సోలోలో వినండి. స్ట్రింగ్స్ తోక రెండో బీటు దగ్గర ఆగి, బ్రాస్ తోక మూడున్నర దాకా వెళ్తే, మీవి ఇంకా రెండు గదులే. ఒక సెక్షన్ తోక కత్తిరించినట్టు ఆగితే రివర్బ్ జోలికి పోకండి, ఆ ప్యాచ్‌లో రిలీజ్ స్లైడర్ (నోటు వదిలాక తోక ఎంత వినపడాలో చెప్పేది) కిందకి ఉందేమో చూడండి. సగం సార్లు అదే.

రివర్బ్ మూసి తెరిచే పరీక్ష: తోక బస్‌ని పది సెకన్లు మ్యూట్ చేయండి, మళ్లీ తెరవండి. తెరవగానే "అదిగో రివర్బ్" అనిపిస్తే ఎక్కువైంది, 2 డీబీ దించండి. మూసినప్పుడు లోటు తెలియాలి, తెరిచినప్పుడు గొప్ప తెలియకూడదు.

పోలిక: పక్కన పెట్టుకున్న అసలు రికార్డింగ్‌ని మీ మిక్స్‌తో సమానమైన శబ్దానికి దించి, అయిదేసి సెకన్లు మార్చి మార్చి వినండి. సమానం చేయకుండా వింటే గట్టిగా ఉన్నదే బాగున్నట్టు అనిపిస్తుంది. ఇది హెడ్‌ఫోన్స్‌లో ఒకసారి, స్పీకర్లలో ఒకసారి చేయండి. హెడ్‌ఫోన్స్‌లో తోక ప్రతి పోగూ వినిపిస్తుంది కాబట్టి తక్కువ వేస్తారు. స్పీకర్లకి వచ్చేసరికి పొడిగా తేలుతుంది.

మాస్టర్ మీద కంప్రెసర్ గానీ లిమిటర్ గానీ (గట్టి శబ్దాన్ని అణిచే ఎఫెక్టులు) ఉంటే వాటిని తీసి మళ్లీ వినండి. గట్టి కార్డ్ తర్వాత హాల్ ఊపిరి పీల్చినట్టు ఉబ్బుతోందంటే తప్పు వాటిదే.

ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు ఆఖరి నోటు తర్వాత కనీసం 4 సెకన్లు ఖాళీ వదలండి. ఇంత కష్టపడి కట్టిన హాల్‌ని చివర్లో కత్తెర వేసి పంపేవాళ్లు తక్కువేం లేరు.